ఆయా కావలెను

ప్రసూతి సెలవు కరిగిపోతోంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అమ్మ రావాలంటే ఊళ్లో నాన్నకు వండిపెట్టేవాళ్లు లేరు. వీధి చివరి క్రెష్‌లో నడక వచ్చిన పిల్లల్నే చేర్చుకుంటామంటున్నారు. చాలా ఇళ్లలో ఈ వరస చివరికి ఒకే మాట దగ్గర ఆగుతుంది... 'మంచి ఆయా ఎవరైనా ఉంటే చెప్పండి!'

పనిమనిషి రాకపోతే అంట్లు మిగిలిపోతాయి. వంటమనిషి రాకపోతే కర్రీ పాయింట్ ఉండనే ఉంది. చంటిబిడ్డను చూసుకునే మనిషి రాకపోతే మాత్రం ఇంట్లో ఒకరి ఉద్యోగం ఆగిపోతుంది. ఆ ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు, ఎక్కువ ఇళ్లలో తల్లే. ఇంత ముఖ్యమైన మనిషిని వెతికే పద్ధతి చూస్తే మాత్రం ఆశ్చర్యమేస్తుంది. వాచ్‌మన్ చెవిన ఒక మాట, పక్క ఫ్లాటు ఆవిడతో ఇంకో మాట. ఎవరో ఒకరు వస్తారు. 'జీతమెంత అడుగుతావు? ఎప్పట్నుంచి వస్తావు?' అంతే, బేరం కుదిరిపోతుంది. పండక్కి చీర కొనాలంటే పాతిక చీరలు విప్పించి, అంచు తిరగేసి, రంగు పోతుందా అని నాలుగుసార్లు అడిగేవాళ్లు కూడా ఈ విషయంలో రెండు ప్రశ్నలతో సరిపెట్టుకుంటారు. తీరిక లేక కొందరు, మొహమాటంతో కొందరు, ఇంతకన్నా ఏం అడగాలో తెలియక చాలామంది.

ఒక్కసారి గంటల లెక్క వేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు గుమ్మం దాటి రాత్రి ఏడింటికి తిరిగొచ్చే ఉద్యోగిని ఇంటికి దూరంగా గడిపేది పదిన్నర గంటలు. నాలుగు నెలలు దాటి ఏడాది నిండని పిల్లలు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటలు నిద్రపోతారు. అంటే మెలకువగా ఉండేది ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. అందులో ఎక్కువ భాగం ఆయా ఒళ్లోనే గడుస్తుంది. బువ్వ, లాలి, బూచి... ఈ మాటలన్నీ పాప ముందుగా వినేది ఆమె నోటే. ఆయాది శ్రీకాకుళమైతే పాప మాటల్లో శ్రీకాకుళం యాస, పాలమూరైతే పాలమూరు యాస. ఇల్లు హైదరాబాదులో ఉంటేనేం!

దాది నుంచి ఆయా దాకా

బిడ్డను ఇంకొకరి చేతుల్లో పెట్టడం కొత్తగా వచ్చిన వింతేం కాదు. కృష్ణుణ్ని కన్నది దేవకి, పెంచింది యశోద. సంస్కృతంలోని 'ధాత్రి' తెలుగులో 'దాది' అయింది. రాజస్థాన్‌లో ఈనాటికీ పన్నా దాయి పేరు చెబితే చేతులు జోడిస్తారు. 16వ శతాబ్దంలో మేవాడ్ రాకుమారుడు ఉదయ్ సింగ్‌ను చంపడానికి కత్తి దూసి వచ్చినవాడికి ఆమె తన సొంత కొడుకును చూపించి రాకుమారుణ్ని కాపాడిందని అక్కడి కథ. ఆ త్యాగాన్ని అందరూ పొగిడారు. చనిపోయిన ఆ పిల్లవాడి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

'ఆయా' అన్న మాట పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. తెల్లదొరల కాలంలో ఆయాలు ఓడల మీద లండన్ దాకా వెళ్లారు. దొరసాని పిల్లల్ని దారి పొడవునా చూసుకోవడం వాళ్ల పని. తీరా ఒడ్డు చేరాక 'ఇక నీతో పనిలేదు' అని తిరుగు టిక్కెట్టయినా ఇవ్వకుండా వదిలేసిన ఇళ్లున్నాయి. అలాంటివాళ్లు తలదాచుకోవడానికి లండన్‌లో ప్రత్యేకంగా ఒక ఆయాల హోమ్ నడిచింది. హాక్నీ ప్రాంతంలో ఆ హోమ్ ఉన్న భవనానికి 2022లో స్మారక ఫలకం పెట్టారు. కాలం మారింది, ఓడలు పోయాయి. ఆయాతో 'ఇక నీతో పనిలేదు' అని ఒక్క పూటలో చెప్పేసే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

ముందు క్యాలెండరు తీయాలి

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఇచ్చింది 12 వారాల సెలవు. 2017లో చేసిన సవరణతో మొదటి రెండు కాన్పులకు అది 26 వారాలైంది. మూడో కాన్పుకు 12 వారాలే. ఈ 26 వారాల్లో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ముందే ఎనిమిది వారాలు వాడేసుకుంటే బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలల పైచిలుకు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ మిగిలిన నెలన్నర పైచిలుకు పాలు ఎలా పట్టాలన్నది ఆయా వచ్చాక ఆలోచించాల్సిన సంగతి కాదు. సెలవు పెట్టేటప్పుడే ఆలోచించాలి.

అదే సవరణ ఇంకో మాట కూడా చెప్పింది. యాభై మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో క్రెష్ సౌకర్యం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఈ సంగతి తెలియక అడగనివాళ్లు ఎందరో. అడగందే అమ్మయినా పెట్టదు, ఆఫీసు పెడుతుందా! ఉద్యోగానికి తిరిగి వెళ్లే ముందు హెచ్‌ఆర్ వాళ్లను ఒక్కసారి కాగితం మీద అడగడంలో నష్టం లేదు. ఆరు నెలలు దాటిన పిల్లల కోసం అంగన్‌వాడీలతో కలిపి క్రెష్‌లు నడిపే కేంద్ర పథకం కూడా ఒకటుంది. 2022 నుంచి అది మిషన్ శక్తిలో భాగంగా 'పాల్నా' పేరుతో నడుస్తోంది. దగ్గర్లో అలాంటిది ఉందేమో కనుక్కోవాలి.

ఇవేవీ కుదరక ఆయానే దారి అయితే, సెలవు అయిపోవడానికి కనీసం నెలన్నర ముందే వెతుకులాట మొదలుపెట్టాలి. దానికో కారణం ఉంది. ఎనిమిది నెలలు వచ్చేసరికి చాలామంది పిల్లలకు కొత్త ముఖం చూస్తే బెంగ మొదలవుతుంది. అప్పటిదాకా ఎవరి చేతుల్లోకైనా నవ్వుతూ వెళ్లిన బిడ్డ ఒక్కసారిగా అమ్మ కొంగు వదలదు. ఆ బెంగ మొదలవకముందే ఆయా ముఖం, ఆమె గొంతు, ఆమె జోల బిడ్డకు అలవాటు కావాలి.

ఎక్కడ దొరుకుతారు?

హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో ఆయాలు దొరికే దారులు మూడు. ఒకటి, తెలిసినవాళ్లు. బిడ్డ పెద్దదై బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఇంట్లో ఆయాకు పని తగ్గిపోతుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చే మనిషిని మించినది లేదు. ఆమె ఏం చేసిందో, ఏం చేయలేదో చెప్పడానికి ఒక తల్లి ఉంటుంది. రెండు, కాన్పు జరిగిన నర్సింగ్‌హోమ్. పురిటి బిడ్డకు నీళ్లు పోసే ఆయాలకు తమలాంటి పదిమంది తెలిసే ఉంటారు. మూడు, ఏజెన్సీలు.

ఏజెన్సీ అనగానే అన్నీ వాళ్లే చూసి పంపుతారన్న ధీమా వస్తుంది. ఆ ధీమా తగదు. 'ట్రైనింగ్ అయిన ఆయా' అంటే ఎక్కడ, ఎన్ని రోజులు, ఎవరు నేర్పారో అడగాలి. మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారో, ముందు కట్టిన కమీషన్ సంగతేమిటో కాగితం మీద రాయించుకోవాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. నెలనెలా కట్టే డబ్బులో ఆయా చేతికి ఎంత అందుతోంది? సగం జీతం మధ్యవాళ్లకే పోతుంటే ఆ మనిషి మూడో నెలలో ఇంకో ఇల్లు చూసుకుంటుంది. అందులో ఆమె తప్పేం లేదు.

ఇంకో పొరపాటు ఊరి నుంచి పన్నెండు, పదమూడేళ్ల పిల్లను తెచ్చుకోవడం. 'మా ఇంట్లో పిల్లలా ఉంటుంది, తిండీ బట్టా చూస్తాం, పాపతో ఆడుకుంటే చాలు' అంటారు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు నుంచే నిషేధించారు. 2016 సవరణ ఆ వయసు పిల్లలతో దాదాపు ఏ పనీ చేయించకూడదంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పాలు గొంతుకు అడ్డం పడి బిడ్డ ఉక్కిరిబిక్కిరైతే ఇంకో పసిపిల్ల ఏం చేయగలదు?

అడగాల్సినవి అడగాలి

ఆయాను కలిసే రోజు బిడ్డ ఇంట్లోనే, మెలకువగా ఉండాలి. అరగంట మాట్లాడితే తెలియని సంగతి, ఆమె బిడ్డను ఎత్తుకునే తీరులో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుంటానందా? మెడ కింద చెయ్యి పెట్టిందా? ఏడుస్తుంటే కంగారు పడిందా, విసుక్కుందా, ఏదో ఒక పాట అందుకుందా?

ఇక ప్రశ్నలు. 'పిల్లల్ని చూడటం వచ్చా?' అని అడిగితే 'వచ్చమ్మా' అనే జవాబే వస్తుంది. 'కిందటి ఇంట్లో బాబుకు ఎన్ని నెలలు? ఏం తినేవాడు? ఎందుకు మానేశావమ్మా?' అని అడగాలి. 'అరగంట నుంచి ఏడుపు ఆపడం లేదనుకో, ఏం చేస్తావు?' అని అడిగి జవాబు పూర్తయ్యేదాకా ఆగాలి. ఆకలేమో చూస్తాను, తడిపిందేమో చూస్తాను, ఒళ్లు వేడిగా ఉందేమో చూస్తాను, ఏదీ కాకపోతే మీకు ఫోన్ చేస్తాను అని చెప్పే మనిషికి చదువు లేకపోయినా ఫర్వాలేదు. 'నా దగ్గర ఏ పిల్లలూ ఏడవరమ్మా' అని గొప్పగా చెప్పే మనిషిని ఇంకో రెండు ప్రశ్నలు అడగడం మంచిది.

చెప్పిన పాత ఇంటికి ఫోన్ చేయడం తప్పనిసరి. 'మంచిదేనా?' అంటే ఎవరైనా మంచిదే అంటారు. 'మళ్లీ అవసరమైతే ఆమెనే పెట్టుకుంటారా?' అని అడిగితే అవతలివాళ్లు ఎంతసేపు ఆగి జవాబు చెప్పారో అదే అసలు జవాబు.

ఫొటో, ఆధార్ నకలు, సొంత ఊరి చిరునామా, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబరు తీసుకోవాలి. పోలీసు స్టేషన్‌లో వివరాలిచ్చి వెరిఫికేషన్ చేయించుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోవాలి. అసలు ఆధార్ కార్డు మాత్రం లాక్కుని బీరువాలో పెట్టుకోకూడదు.

ఆరోగ్య పరీక్ష మాట ఎత్తడానికి చాలామంది మొహమాటపడతారు. ఏడాది లోపు పిల్లలకు పెద్దల నుంచి క్షయ సోకితే అది మెదడు దాకా పాకే ప్రమాదం ఉంది. అందుకని రెండు వారాలకు మించిన దగ్గు ఉందేమో అడగాలి, ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఖర్చు ఇంటివాళ్లదే. దగ్గు తగ్గని తాతగారికీ అదే నియమం. 'నీకొక్కదానికే కాదమ్మా, పాపను ఎత్తుకునే అందరికీ' అని చెబితే ఏ మనిషీ నొచ్చుకోదు.

ఇద్దరూ ఇంట్లో ఉండే పదిహేను రోజులు

ఆయా పనిలోకి వచ్చిన రోజే తల్లి ఆఫీసుకు వెళ్లిపోతే ముగ్గురికీ కష్టమే. కనీసం పదిహేను రోజులు ఇద్దరూ ఇంట్లో ఉండాలి. మొదటి వారం తల్లి చేస్తుంటే ఆయా చూడాలి. రెండో వారం ఆయా చేస్తుంటే తల్లి చూడాలి. మొదట గంట, తర్వాత రెండు గంటలు, చివరికి ఒక పూట బయటికి వెళ్లి రావాలి. ఈ రెండు వారాల్లో కొన్ని సంగతులు ఖాయం చేసుకోవాలి.

పాలు: పిండి తీసిన తల్లిపాలు గది వేడి 25 డిగ్రీల లోపు ఉంటే నాలుగు గంటల దాకా నిలవుంటాయి. మన వేసవిలో ఆ లెక్క చెల్లదు. నేరుగా ఫ్రిజ్‌లో పెట్టాలి, అక్కడ నాలుగు రోజుల దాకా ఉంటాయి. తలుపు దగ్గర కాకుండా లోపలి వైపు పెట్టాలి. డబ్బా మీద తేదీ, వేళ రాయాలి. ఆయాకు చదవడం రాకపోతే రంగు రబ్బరు బ్యాండ్లు వేసి గుర్తు చెప్పాలి. వేడి చేయడానికి గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టాలేగానీ పొయ్యి మీదా, మైక్రోవేవ్‌లోనా పెట్టకూడదు. పాలసీసా కన్నా అమ్మమ్మల నాటి ఉగ్గుగిన్నె మేలు. మూలలు ఉండవు, వేడినీళ్లతో ఇట్టే శుభ్రమవుతుంది. బిడ్డ తాగి వదిలేసిన పాలను మళ్లీ వాడకూడదు.

నిద్ర: వెల్లకిలా పడుకోబెట్టాలి. ముఖం దగ్గర దిండ్లు, బొంతలు, మెత్తటి బొమ్మలు ఉండకూడదు. ఉయ్యాల అయితే తాడు, కొక్కెం వారానికోసారి చూసుకోవాలి.

మందు: డాక్టరు రాసి, తల్లి చేతికిస్తే తప్ప ఏదీ వేయకూడదు. ఏడుపు ఆపడానికి, త్వరగా నిద్రపుచ్చడానికి దగ్గు, జలుబు సిరప్పులు పట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. జలుబుకు విరివిగా వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన సిరప్పును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడవద్దని 2023 డిసెంబరులో దేశ ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. పగలంతా పడుకునే బిడ్డ 'బుద్ధిమంతురాలు' అని మురిసిపోయే ముందు ఆ నిద్ర ఎక్కణ్నుంచి వచ్చిందో చూసుకోవాలి. ఆరు నెలలలోపు వసకొమ్ము అరగదీసి నాకించడం, గ్రైప్‌వాటర్, ఏడాది లోపు తేనె... ఇవేవీ వద్దు. ముక్కులో నూనె చుక్కలు అసలే వద్దు, ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదం. ఇది ఆయాకు ఒక్కదానికే చెప్పి, అమ్మమ్మకు చెప్పకపోతే లాభం లేదు.

ఆపద: ఏడాది లోపు బిడ్డ గొంతుకు ఏదైనా అడ్డం పడితే నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో అయిదుసార్లు తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో అయిదుసార్లు నొక్కాలి. ఇది మాటలతో చెబితే రాదు. పిల్లల డాక్టరు దగ్గరికి టీకాకు వెళ్లేటప్పుడు ఆయాను కూడా తీసుకెళ్లి, ఆయన చేత చూపించాలి. ఎంత ఏడ్చినా బిడ్డను పట్టి కుదపకూడదన్న మాట కూడా ఆయన నోటితోనే చెప్పించాలి. కోపం ముంచుకొస్తే బిడ్డను మంచం మీద కాకుండా కిందపరిచిన చాప మీద పడుకోబెట్టి, అయిదు నిమిషాలు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి రమ్మని చెప్పాలి. కోపం వస్తుందని ఒప్పుకునే మనిషికే ఈ మాట పనికొస్తుంది. 'నాకు కోపమే రాదు' అనడం కన్నతల్లికీ చేతకాదు.

పిండి కొద్దీ రొట్టె

జీతం దగ్గరికి వచ్చేసరికి పెద్ద పెద్ద ప్యాకేజీలు మాట్లాడుకున్నవాళ్లు కూడా వెయ్యి రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడతారు. రోజుకు పదిన్నర గంటలు, వారానికి అయిదు రోజులంటే 52.5 గంటలు. ఫ్యాక్టరీ కార్మికుడి వారం 48 గంటలు! శనివారం కూడా రమ్మంటే ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. ఇంటిపనివాళ్లను కనీస వేతనాల పరిధిలోకి తెస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లోనే ఉత్తర్వులిచ్చింది. పనిచోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ఇళ్లలో పనిచేసే మహిళలకూ వర్తిస్తుంది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం ఒప్పందం తెచ్చినప్పుడు భారత్ అనుకూలంగా ఓటేసింది, కానీ దాన్ని ఇంకా ఆమోదించలేదు. వీళ్ల హక్కుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చే విషయం పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. చట్టం వచ్చినప్పుడు వస్తుంది. అప్పటిదాకా ఒక తెల్లకాగితం చాలు.

ఆ కాగితం మీద రాయాల్సినవి ఎక్కువేం లేవు. పని వేళలు. వారానికో సెలవు. నెలకు ఇన్ని రోజులు జీతంతో కూడిన సెలవు. ఆలస్యమైతే గంటకు ఇంత. పండగ బోనస్. ఏడాదికి ఎంత పెంచుతారు. మానేయాలంటే ఎవరైనా నెల ముందు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ పనులు ఆమెవి కావో రాయాలి. పాప బట్టలు, పాప గిన్నెలు ఆమె పని. ఇంటిల్లిపాది అంట్లు, ఇస్త్రీ, చుట్టాలొస్తే కాఫీలు ఆమె పని కాదు. 'పాప పడుకున్నప్పుడు ఖాళీయే కదా' అని ఒక్కో పనీ అప్పగిస్తూ పోతే, పాప లేచి ఏడ్చేవేళకు ఆయా పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉంటుంది. అప్పుడు తప్పు ఎవరిది?

తిండి దగ్గరా అంతే. మధ్యాహ్నం ఇంత అన్నం పెడతారు సరే. ఆమెకు విడిగా పెట్టిన ప్లాస్టిక్ పళ్లెం, విడిగా పెట్టిన గ్లాసు సంగతేమిటి? ఆ చేతులతోనే పాపకు గోరుముద్దలు పెట్టమంటారు, ఆ చేతులు తగిలిన గ్లాసు మాత్రం అటక కింద విడిగా పెడతారు. పాప నోటికి పనికొచ్చే చెయ్యి ఇంట్లో గ్లాసుకు పనికిరాదా?

కెమెరా కన్ను

హాల్లో కెమెరా పెట్టి ఆఫీసు నుంచి ఫోన్‌లో చూసుకోవడం మామూలైంది. ఉద్యోగం చేసే తల్లికి అది కొంత ధైర్యం. కాదనక్కర్లేదు. అయితే కెమెరా ఉన్న సంగతి మొదటి రోజే చెప్పాలి. ఆమె బట్టలు మార్చుకునే చోట, స్నానాల గదిలో పెట్టడం నేరం. బిడ్డను కొట్టడం కెమెరాకు కనిపిస్తుంది. పాలు ఎంత వేడిగా ఉన్నాయో కనిపించదు. చేతులు సబ్బుతో కడిగిందో లేదో కనిపించదు. వాటికి దారి ఒకటే, అప్పుడప్పుడూ చెప్పకుండా మధ్యాహ్నం ఇంటికి రావడం. ఆ పని తండ్రి కూడా చేయొచ్చు. టీకాకు సెలవు పెట్టడం, ఆయా రాని రోజు ఇంట్లో ఉండటం కూడా.

ఇంటికొచ్చాక బిడ్డ వైపు చూస్తే కొన్ని సంగతులు తెలుస్తాయి. ఆయాను చూడగానే చేతులు చాస్తోందా, ముడుచుకుపోతోందా? రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోసింది? బరువు పెరుగుతోందా? నిద్రలో ఉలిక్కిపడటం, ఒంటి మీద కమిలిన మచ్చలు, అకారణంగా మగత కనిపిస్తే ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆయాను ఆ రోజే ఆపాలి. అలాంటివేవీ లేనప్పుడు, 'అరగంట ఫోన్ మాట్లాడావు' అని రోజూ ఫుటేజీ చూపించి నిలదీస్తే మంచి మనిషి కూడా నిలవదు.

ఆమె బిడ్డ ఎవరి దగ్గరుంది?

ఈ ప్రశ్న అడగని ఇళ్లే ఎక్కువ. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పిల్లల్ని పెంచడానికి వెళ్లారు. వాళ్ల పిల్లలు ఊళ్లో అమ్మమ్మల దగ్గర, ఫోన్‌లో అమ్మ గొంతు వింటూ పెరిగారు. అమెరికాలో ఉన్న కూతురి కాన్పుకు ఇక్కడి నుంచి అమ్మ ఆర్నెల్లు, అత్తగారు ఆర్నెల్లు విమానమెక్కి వెళ్లి వస్తారు. వాళ్లకు జీతం ఉండదు, అంతే తేడా. బస్తీ నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఆయాకూ ఇంటి దగ్గర ఒక బిడ్డ ఉండే ఉంటుంది. ఆ బిడ్డను ముసలి తల్లో, ఏడో తరగతిలో బడి మానిపించిన పెద్దకూతురో చూస్తుంటారు.

దీన్ని జాలి మాటగా కాదు, అవసరం మాటగా కూడా చూడాలి. ఇంట్లో తన బిడ్డకు జ్వరమైతే, సెలవు అడిగితే జీతం కోస్తారని భయపడితే ఆయా పనికి వస్తుంది. మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉంటుంది, చేతుల్లో ఈ పాప ఉంటుంది. ఆమె పిల్లల పేర్లేమిటో, ఏ బడిలో చదువుతున్నారో, ఎవరు చూస్తున్నారో మొదటి రోజే కనుక్కోవాలి. ఆమె బిడ్డకు జ్వరమొచ్చిన రోజు జీతం కోయకుండా సెలవివ్వాలి. దానికి మారుగా ఎవరు ఇంట్లో ఉండాలో భార్యాభర్తలు ముందే అనుకుని ఉండాలి. పెద్దకూతురు బడి మానేసిందని తెలిస్తే ఆ పిల్లను తిరిగి బడికి పంపడానికి నాలుగు మాటలు చెప్పొచ్చు, ఫీజుకో పుస్తకాలకో సాయపడొచ్చు. అలాంటి ఇల్లు వదిలి రెండు వేలు ఎక్కువిస్తారని పక్క అపార్ట్‌మెంటుకు వెళ్లేవాళ్లు తక్కువ.

ఏదో ఒక సాయంత్రం తల్లి తలుపు తీసేసరికి బిడ్డ ఆయా మెడ గట్టిగా పట్టుకుని, అమ్మ దగ్గరికి రానని ముఖం తిప్పుకుంటుంది. గుండెల్లో కలుక్కుమంటుంది. ఆ కలుక్కుతో ఆయాను మాన్పించినవాళ్లున్నారు. ఇంకో ఆయా వస్తుంది, ఆర్నెల్లకు మళ్లీ అదే. ఆ బిడ్డకు మాత్రం ఒక మనిషి రోజూ కనిపించి ఒకనాడు కనిపించకుండా పోయినట్టు అవుతుంది. పసిపిల్లలు ఒక మనిషిని ప్రేమిస్తే ఇంకొకరి వాటా తగ్గిపోదు. పగలు చూసే మనిషిని నమ్మిన బిడ్డే రాత్రి అమ్మ పక్కన నిశ్చింతగా పడుకుంటుంది. రానన్న ఆ పదినిమిషాలు ఓపిక పడితే చాలు, తనే వస్తుంది.

మూడేళ్లు నిండి పాప బడికి వెళ్లాక ఆయా అవసరం తీరుతుంది. ఆ రోజు ఒక్కసారిగా రాకూడదు. నెల ముందే ఆమెకు చెప్పాలి, ఇంకో ఇంట్లో పని చూపించాలి, ఆ ఇంటివాళ్లతో ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. పాపకు కూడా చెప్పాలి, 'ఆయమ్మ రేపటి నుంచి ఇంకో చిన్నపాప దగ్గరికి వెళ్తుంది, ఆదివారం నిన్ను చూడటానికి వస్తుంది' అని. ఆదివారం పిలవాలి కూడా. ఆమె వచ్చేటప్పుడు తన కూతుర్ని వెంటబెట్టుకుని వస్తే ఇంకా మంచిది. ఆ మూడేళ్లూ అమ్మ ఎక్కడికి వెళ్లేదో ఆ అమ్మాయి కూడా చూడాలి కదా!